ఈ పొగడ్తలు ఆపండి

తెలుగులో కొత్త నవల వచ్చి నెల తిరక్కుండానే దాని మీద అభిప్రాయాలు వరస కడతాయి. "ఏకబిగిన చదివేశాను." "కింద పెట్టబుద్ధి కాలేదు." "కళ్లు చెమర్చాయి." "ప్రతి ఇంట్లో ఉండాల్సిన పుస్తకం." పుస్తకం పేరూ రచయిత పేరూ తీసేసి ఈ నాలుగు మాటలూ మీ ముందు పెడితే అవి ఏ నవల గురించో పోల్చుకోగలరా? కరువుకు ఊరొదిలిన రైతు కథకీ ఇవే మాటలు. డల్లాస్‌లో విడిపోతున్న సాఫ్ట్‌వేర్ దంపతుల కథకీ ఇవే మాటలు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన దొరికిన శవం చుట్టూ అల్లిన థ్రిల్లర్‌కీ ఇవే మాటలు. అన్ని పుస్తకాలకూ సరిపోయే అభిప్రాయం ఏ పుస్తకం గురించీ కాదు. అది పెళ్లిలో చదివించే కట్నం. ఇవాళ మనం వాళ్లకి రాస్తే రేపు వాళ్లు మనకి రాస్తారు.

ఇలా రాసేవాళ్లు పుస్తకాలంటే ప్రేమ లేనివాళ్లు కారు. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో, విజయవాడ పుస్తక మహోత్సవంలో సంచులు నింపుకుని వచ్చేది వాళ్లే. సొంత డబ్బు పెట్టి కొంటారు. నలుగురికీ చెబుతారు. అందుకే నా కోపం వాళ్ల మీద. పుస్తకం ముట్టనివాడి వల్ల నవలకు కొత్తగా వచ్చే నష్టమేమీ లేదు. చదివి, నచ్చకపోయినా నచ్చిందని రాసేవాడి వల్లే నష్టం. వాడి మాట నమ్మి పుస్తకం కొన్నవాడు మోసపోతాడు. నమ్మి ఇంకో నవల మొదలుపెట్టిన రచయిత ఇంకా ఎక్కువ మోసపోతాడు.

అసలు అభిప్రాయం ఎక్కడ వినపడుతుందో సాహిత్య సభలకు వెళ్లే ప్రతివాళ్లకూ తెలుసు. వేదిక మీద శాలువా కప్పి, "తెలుగు నవలా చరిత్రలో మైలురాయి" అన్న మనిషే సభ అయ్యాక బయట టీ తాగుతూ, "సగం నుంచి చదవలేకపోయానండీ, ఒకే సంగతి మూడుసార్లు చెప్పాడు" అంటాడు. ఆ రెండో మాటే విమర్శ. రచయితకు పనికొచ్చేది అదే. కానీ రచయిత తప్ప మిగతా అందరూ వింటారు. ఆయన చెవిన పడేది మైలురాయి మాత్రమే. ఇది మర్యాద అని మనం సర్దిచెప్పుకుంటున్నాం. కాదు, ఇది పిరికితనం. ఏళ్ల తరబడి రాత్రిళ్లు మేలుకుని రాసినవాడికి పది నిమిషాల నిజం కూడా ఇవ్వలేకపోవడం మర్యాద ఎలా అవుతుంది?

దీనికి ఎప్పుడూ వచ్చే జవాబు ఒకటుంది. తెలుగులో చదివేవాళ్లే తక్కువ, ఐదు వందలో వెయ్యో ప్రతులు వేసుకుని అవి అమ్ముకోవడానికే నానా పాట్లూ పడుతున్నారు, వాళ్లని కూడా విమర్శిస్తే ఎవరు రాస్తారు అని. ఈ వాదన వినడానికి దయగా ఉంటుంది. ఫలితం మాత్రం క్రూరంగా ఉంటుంది. చదివేవాళ్లు తక్కువైతే వాళ్లలో ప్రతి ఒక్కరి నమ్మకమూ విలువైనదే. పదేళ్లుగా తెలుగు పుస్తకం పట్టని ఒక అమ్మాయి, నలుగురు ఆకాశానికెత్తిన నవల చూసి మూడొందలు పెట్టి కొంటుంది. యాభయ్యో పేజీకి విసుగొస్తుంది. రచయితకు రాయడం రాదని ఆ అమ్మాయి అనుకోదు. "తెలుగులో ఇంతే" అనుకుంటుంది. మళ్లీ ఇంగ్లీషు పుస్తకాల దగ్గరికి, కాదంటే ఫోన్‌లో సిరీస్‌ల దగ్గరికి వెళ్లిపోతుంది. మొహమాటపు పొగడ్త ఒక పుస్తకాన్ని నిలబెట్టి ఒక పాఠకురాలిని పోగొడుతుంది. ఇంత చిన్న లోకం అలాంటి నష్టాన్ని ఎన్నిసార్లు భరించగలదు?

ఇంకో సంగతి. నవలల్ని వారపత్రికలు సీరియల్‌గా వేసిన కాలంలో రచయితకీ పాఠకుడికీ మధ్య సంపాదకుడు ఉండేవాడు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో పురాణం సుబ్రహ్మణ్యశర్మ లాంటి వాళ్లు కూర్చున్న కుర్చీ అది. సీరియల్ నడుస్తుండగానే ఉత్తరాలు వచ్చి పడేవి. కథ నీరసిస్తే వారం తిరిగేసరికి తెలిసిపోయేది. ఇప్పుడు చాలా నవలలు రచయిత కంప్యూటర్ నుంచి నేరుగా ప్రెస్‌కి వెళ్తున్నాయి. అచ్చు ఖర్చు రచయితే పెట్టుకుంటున్నప్పుడు, ఈ అధ్యాయం తీసెయ్యండి అని చెప్పేవాళ్లెవరు? ప్రూఫులు చూసేవాళ్లు దొరికితే అదే గొప్ప. కాబట్టి ఇవాళ తెలుగు నవలకు మొదటి సంపాదకుడు పాఠకుడే. ఆ పని మనకు ఎవరూ అప్పగించలేదు, అయినా మన మీద పడింది. పడిన పనిని పొగడ్తతో తప్పించుకుంటున్నాం.

థ్రిల్లర్ల దగ్గర ఈ తప్పించుకోవడం మరీ ఘోరంగా ఉంది. థ్రిల్లర్ బాగుందంటే ఒక్కటే అర్థం చేసుకుంటున్నాం: వేగంగా చదివించింది. వేగం గుణమే, కాదనను. కానీ పేజీ తిప్పించడం ఒక్కటే లెక్కయితే ప్రతి అధ్యాయం చివరా తలుపు చప్పుడు పెడితే సరిపోతుంది. థ్రిల్లర్ రచయిత పాఠకుడికి ఒక మాట ఇస్తాడు. ఆధారాలన్నీ నీ కళ్ల ముందే పెడతాను, అయినా నీకంటే ముందు నేనుంటాను, చేతనైతే పట్టుకో అంటాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడా లేదా అన్నదే మొదటి ప్రశ్న. 1929లోనే రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాసిపెట్టాడు. నేరస్తుడు కథ తొలి భాగంలోనే పాఠకుడి కంట పడాలన్నది వాటిలో మొదటిది. కవల సోదరుణ్ణి ముందస్తుగా తగిన సూచన లేకుండా తేకూడదన్నది చివరిది. వాటిని వేదంలా పాటించమనడం లేదు. బాగా ఎరిగినవాళ్లు వాటిని ఉల్లంఘించి కూడా గొప్ప నవలలు రాశారు. కానీ మూడు వందల పేజీల నవలలో రెండు వందల ఎనభయ్యో పేజీలో తొలిసారి కనపడిన మనిషిని హంతకుడన్నప్పుడు, "ట్విస్ట్ అదిరింది" అని రాయడం నేరం. అది ట్విస్ట్ కాదు. ఇచ్చిన మాట తప్పడం.

సాక్ష్యాల సంగతి చూడండి. మన థ్రిల్లర్లలో ఎన్నిట్లో హంతకుడు చివర్లో ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడి చేసిందంతా చెప్పేస్తాడు! అక్కడితో కేసు ముగిసిందని రచయిత ఊపిరి పీల్చుకుంటాడు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదు. బ్రిటిష్ కాలపు సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ ఆ మాటే చెప్పింది, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. అంటే ఆ నవల ముగిసినచోటే అసలు చిక్కు మొదలవుతుంది. 2024 జులై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్య సెక్షన్ 302 నుంచి 103కి మారింది. 2025లో జరిగిన హత్యకు ఎఫ్ఐఆర్‌లో 302 అని రాయించే రచయిత ఒక్క వకీలునైనా అడగలేదని అర్థం. సెల్ టవర్ చెప్పేది ఫోన్ ఏ ప్రాంతంలో ఉందన్నది, ఏ గదిలో ఉందన్నది కాదు. ఇవి సూక్ష్మాలు కావు. థ్రిల్లర్ నిలబడేది వీటి మీదే. వీటిని పట్టుకోగల పాఠకులు మన మధ్య వేలల్లో ఉన్నారు. వకీళ్లున్నారు, కానిస్టేబుళ్లున్నారు, డాక్టర్లున్నారు, టెలికాం ఇంజినీర్లున్నారు. నవల చదివినప్పుడు వాళ్ల వృత్తిజ్ఞానం ఎక్కడికి పోతోంది? ఒక్క కానిస్టేబుల్ "స్టేషన్‌లో ఇలా జరగదు, ఇలా జరుగుతుంది" అని ఒక పేజీ రాస్తే, అది వంద ఐదు నక్షత్రాల కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఇలా పొగిడేవాళ్లకు అవతలి పక్షం ఇంకా పెద్ద తప్పు చేస్తోంది. సాహిత్యం చదివేవాళ్లమని చెప్పుకునేవాళ్లు థ్రిల్లర్‌ని చదవకుండానే కొట్టేస్తారు. చదివితే తక్కువైపోతామన్న భయం. ఈ ఈసడింపు ఇవాళ్టిది కాదు. కొవ్వలి లక్ష్మీనరసింహారావు నవలలు రైలు ప్రయాణాల్లో చేతులు మారుతున్నప్పుడూ ఉంది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ని, మధుబాబు షాడోని అద్దె పుస్తకాల షాపుల్లో కుర్రాళ్లు వంతులేసుకుని తీసుకెళ్తున్నప్పుడూ ఉంది. తెలుగునాట ఎంతోమందికి చదివే అలవాటు నేర్పింది ఆ పుస్తకాలే. వాటికి అభిమానం దక్కింది, అవమానం దక్కింది, విమర్శ దక్కలేదు. యుగంధర్ కథల్లో ఏది పకడ్బందీగా ఉంది, ఏది చుట్టేసినట్టుంది, తెలుగు వాక్యానికి ఆ నవలలు ఇచ్చిన చురుకు ఏమిటి అని కూర్చుని లెక్కగట్టిన విమర్శకులు ఎందరు? చదివే శ్రమ పడకుండా కొట్టేయడం కూడా అబద్ధపు అభిప్రాయమే. చదవకుండా పొగిడేవాడూ చదవకుండా తిట్టేవాడూ ఒకే గూటి వాళ్లు.

మనకు నిజం చెప్పే సంప్రదాయం లేదని ఎవరూ అనకండి. ఉంది. తెలుగు నవల పుట్టిన రోజుల నుంచీ ఉంది. 1878లో కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' రాశారు. దానికి వివేకచంద్రిక అని మరో పేరు. కందుకూరి అప్పటికే పేరున్న రచయిత. అయినా కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి వెనకాడలేదు. 'వివేకచంద్రికా విమర్శనము' రాసి నవలని నిలదీశారు. ఆయన అభిప్రాయాలన్నీ మనం ఒప్పుకోనక్కర్లేదు. నవల అనే ప్రక్రియ ఇంకా పాకుతున్న రోజుల్లోనే దాన్ని ఇంత కఠినంగా పరీక్షించాలనుకున్నాడే ఒక పాఠకుడు, ఆ గౌరవం చూడండి. పసిబిడ్డ కదా, పోనీలే అనలేదు.

దాదాపు వందేళ్ల తర్వాత యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' తెలుగునాడుని ఊపేసింది. చేతబడి, క్షుద్రశక్తులు, వాటికి బలవుతున్న చిన్నపిల్ల. రాత్రి ఒంటరిగా చదవడానికి జనం భయపడ్డారు. అప్పుడు రచయిత్రి రంగనాయకమ్మ ఏం చేశారు? ఇది చవకబారు సరుకు, మనకెందుకు అని పక్కకు తప్పుకోలేదు. లక్షలమంది చదువుతున్నారు కాబట్టే ఇది ముఖ్యమనుకున్నారు. 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని పేరు పెట్టి మరీ యుద్ధం ప్రకటించారు. నా మట్టుకు నాకు తులసిదళంలో భయాన్ని పేర్చే పనితనం చాలా గొప్పదనిపిస్తుంది. ఆ పనితనమే మూఢనమ్మకానికి కొత్త బలం ఇచ్చిందనీ అనిపిస్తుంది. ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పవచ్చు. చెప్పాలి. రంగనాయకమ్మ తీర్పు నాకు పూర్తిగా నచ్చనక్కర్లేదు, ఆమె ఆ నవల మీద పెట్టిన శ్రద్ధ ముందు మాత్రం తల వంచుతాను. జనం వెర్రిగా చదువుతున్న నవలని అంత తీవ్రంగా పట్టించుకున్న పాఠకులు ఇవాళ ఎంతమంది కనపడుతున్నారు?

కళ్ల ముందున్న ఉదాహరణ తీసుకుందాం. రవి మంత్రి రాసిన 'అమ్మ డైరీలో కొన్ని పేజీలు' ఈ మధ్య కాలంలో తెలుగు నవలలకు అందని అమ్మకాలు చూసింది. ఇరవై ఏళ్ల పిల్లలు కొన్నారు. నేను చదివిన మొదటి తెలుగు పుస్తకం ఇదే అన్నవాళ్లు వాళ్లలో ఎందరో. ఆ నవల మీద వచ్చిన అభిప్రాయాలు రెండే రెండు. ఒకటి, ఏడిపించేసింది. రెండు, ఇది సాహిత్యమేనా. మొదటి మాట అన్న పిల్లల్ని నేను తప్పుపట్టను. వాళ్లకి ఇంకో మాట నేర్పాల్సింది మనం. ఏ ఘట్టం ఏడిపించింది, ఎలా ఏడిపించింది, అది ఆ మనుషుల బతుకు లోంచి వచ్చిందా, కన్నీళ్ల కోసమే అక్కడ పెట్టారా అని అడిగితే ఆ పిల్లలు తప్పకుండా చెబుతారు. చెప్పడం మొదలుపెడితే పాఠకులైపోతారు. నా కోపం రెండో మాట అన్న పెద్దల మీద. ఇన్నేళ్లుగా కుర్రకారు తెలుగు చదవడం లేదని ప్రతి సభలోనూ వాపోయినవాళ్లు, వాళ్లు ఒక పుస్తకం పట్టుకుని వస్తే తలుపు మొహాన వేశారు. నచ్చకపోతే నచ్చలేదనండి, నాలుగు పేజీల్లో కారణాలతో రాయండి. ఆ పిల్లలు చదువుతారు, తిరగబడతారు, వాదిస్తారు. ఆ వాదన కోసమే కదా మనం ఇన్నాళ్లూ ఎదురుచూసింది!

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' సంగతి ఇంకో రకం. ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) నవలల పోటీలో బహుమతి పొందింది. ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం దొరకని కుర్రాడు కరువుకాలంలో తండ్రితో కలిసి గొర్రెల్ని తోలుకుని నల్లమల అడవికి పోతాడు. దర్శకుడు క్రిష్ దాన్ని 2021లో సినిమాగా తీశారు. సినిమా వచ్చాక నవల చదవనివాళ్లు కూడా నవల మీద తీర్పు చెప్పేశారు. చదివినవాళ్లలో కొందరు అన్న మాట నన్ను ఇప్పటికీ మండిస్తుంది: "బాగుంది గానీ ఆ యాస అర్థం కాలేదు." కడప గొర్రెల కాపరి నల్లమలలో పులి అలికిడి విని ఏ భాషలో భయపడాలి? కృష్ణా, గోదావరి జిల్లాల యాసలో వందేళ్లుగా నవలలు వస్తుంటే సీమ పాఠకుడూ తెలంగాణ పాఠకుడూ ఏ ఫిర్యాదూ లేకుండా నేర్చుకుని చదివారు. ఇప్పుడు మన వంతు. రెండు అధ్యాయాలు ఓపిక పట్టండి, మూడోదాంట్లో ఆ యాసే మీకు దారి చూపిస్తుంది. ఆ నవల మీద నాకూ అభ్యంతరం ఉంది. అడవి, గొర్రె, మనిషి గురించి రచయితకు తెలిసింది అపారం, కానీ కొన్నిచోట్ల పాత్రలు మాటలాపి పాఠం మొదలుపెడతాయి. అక్కడ సంపాదకుడు ఉంటే బాగుండేది. ఈ మాట చెప్పినందువల్ల కొండపొలం స్థాయి ఇసుమంతైనా తగ్గదు. మంచి నవల మంచి అభ్యంతరాన్ని తట్టుకుంటుంది.

ఇక అభిప్రాయం పుస్తకం తెరవకముందే నిర్ణయమైపోయే రోగం ఒకటుంది. రచయిత మా జిల్లా, మా కులం, మా వాదం, మా బ్యాచ్. అయితే మహత్తరం. అవతలి శిబిరం అయితే మౌనం. తిట్టరు కూడా, మాట్లాడరంతే. మౌనం తెలుగు సాహిత్యంలో అన్నిటికన్నా పిరికి ఆయుధం. అణగారిన కులాల నుంచి, అంచుల్లో ఉన్న ప్రాంతాల నుంచి వచ్చిన నవలకు ఈ మౌనం ఒక దెబ్బ. వాటికి దక్కే గుడ్డి పొగడ్త రెండో దెబ్బ. 'అంటరాని వసంతం' రాసిన కళ్యాణరావునో, 'శప్తభూమి' రాసిన బండి నారాయణస్వామినో మనం గౌరవించడమంటే వాళ్ల వస్తువుకు దండం పెట్టి పక్కకు తప్పుకోవడం కాదు. కథని ఎలా నడిపారు, కాలాన్ని ఎలా పట్టుకున్నారు, ఎక్కడ తడబడ్డారు అని అందరినీ అడిగినట్టే వాళ్లనీ అడగడం. అడగకపోవడమే చిన్నచూపు.

రచయితలకు కూడా చెప్పాల్సింది ఉంది. నవల మొదట్లో నలుగురు మిత్రుల ముందుమాటలు ఎందుకు? పాఠకుడు కథలోకి అడుగుపెట్టకముందే అతను ఏమనుకోవాలో మీరే చెప్పిస్తున్నారు. చాలాసార్లు ఆ ముందుమాటల్లో కథ ముగింపు కూడా బయటపడిపోతుంది. థ్రిల్లర్‌కి అంతకన్నా ద్రోహం ఏముంది? విమర్శించినవాడికి ఫోన్ చేసి సంజాయిషీ అడగడం మానండి. వాడు మీ పుస్తకం చివరిదాకా చదివాడు. మీ ఆవిష్కరణ సభలో మాట్లాడిన వక్తలందరి గురించీ మీరు ఆ మాట చెప్పగలరా? అభిప్రాయాన్ని కొనకండి, అడుక్కోకండి, బెదిరించకండి. రాసి వదలండి. పత్రికల ఆదివారం పేజీల్లో ఒక్క పేరాగ్రాఫ్ పుస్తక పరిచయంతో సరిపెట్టే సంపాదకులు కూడా ఆలోచించాలి. అట్ట మీద ఉన్న సమాచారాన్ని తిరగరాస్తే అది సమీక్ష కాదు.

చేయాల్సింది కష్టమేమీ కాదు. ఈసారి కొత్త తెలుగు నవల చదివాక మూడు సంగతులు రాయండి. ఏ ఘట్టం మిమ్మల్ని పట్టుకుంది, ఎందుకు. ఏ ఘట్టం దగ్గర మీ మనసు పక్కకు పోయింది, ఎందుకు. రచయిత ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడా. మంచి తెలుగు రాదని జంకకండి, మీరు మాట్లాడే తెలుగులోనే రాయండి. సొంత పేరు పెట్టి రాయండి. "ఏకబిగిన" అన్న మాట కలం దాకా వస్తే ఆపి, ఏ పేజీలో లేవబోయి మళ్లీ కూర్చున్నారో అది రాయండి. రచయిత నొచ్చుకోవచ్చు. స్నేహం కొన్నాళ్లు చల్లబడవచ్చు. నిజం విన్నందుకు రాయడం మానేసే రచయిత పొగిడినా ఎంతోకాలం రాయడు. నిలబడేవాడు మాత్రం మీరు వేలు పెట్టి చూపించిన పేజీకి తిరిగి వెళ్తాడు, తర్వాతి నవలలో అక్కడ జాగ్రత్తపడతాడు.

ఇవాళ తెలుగు నవలకు కొనేవాళ్లున్నారు, చప్పట్లు కొట్టేవాళ్లున్నారు, ఫొటోలు దిగేవాళ్లున్నారు. దానికి కావలసింది ఎదురుగా కూర్చుని "ఇది బాగుంది, ఇది బాగాలేదు, కారణం ఇదీ" అని చెప్పే మనిషి. ఆ మనిషికే పాఠకుడని పేరు. ఆ పేరు కావాలనుకునేవాళ్లు ఈ పొగడ్తలు ఇవాళే ఆపాలి.